పంపవలసియుండిన పత్రము: ఆంగ్ల విశేషణోపవాక్యములలోని చిక్కులు



నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలలో ఆంగ్లమును తెలుగును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అంతకుముందు బాల్యమున మా పెదతండ్రిగారి యరుగుమీద కూర్చుండి శబ్దమంజరియు, అమరమును, లఘుకౌముదియు వల్లించితిని. అందుచేత ఆంగ్ల వ్యాకరణమును తలచునప్పుడెల్ల నా మనస్సు తనంత తానే పాణిని వైపునకు పోవుచుండును. ఈ యలవాటు మంచిదో చెడ్డదో నా శిష్యులు చెప్పవలెను.

నేటి ప్రసంగ విషయము ఆంగ్లములోని విశేషణోపవాక్యములు. అనగా ‘హూ, విచ్, దట్’ అను సంబంధ సర్వనామములతో నారంభమై, తమ ముందున్న నామవాచకమును విశేషించు చిన్న వాక్యములు. వానిలో ‘కెన్, మే, మస్ట్, షుడ్, వుడ్’ మొదలగు సహాయక్రియలు చేరినప్పుడును, ‘పుట్ ఆఫ్, సెండ్ ఇన్, లుక్ ఆఫ్టర్’ వంటి జంటక్రియలు చేరినప్పుడును మనవారికి కలుగు చిక్కులను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఉదాహరణములను చెవితో వినుటకు వీలుగా మెల్లగా పలికెదను.

విషయము శుష్కముగా తోచవచ్చును. కాని యిట్టి యుపవాక్యమొకటి నా మూలమున ఒక పేదకుటుంబమునకు నష్టము తెచ్చినది. మొదట ఆ సంగతి వినుడు.

నేను ఉద్యోగమున చేరిన రెండవయేట మా బడిలో చురుకైన బాలుడొకడు పది పూర్తిచేసి పై చదువునకు విద్యార్థివేతనము కోరుచు దరఖాస్తు పంపుకొనెను. తండ్రి లేడు. తల్లి రెండు గేదెల పాలమ్మి సంసార మీడ్చుచుండెను. ఒకనాటి సాయంకాల మామె ఒక కాగితము కొంగున ముడివేసికొని వచ్చి, “అయ్యవారూ, మావాడి డబ్బుల సంగతంట, కాస్త సదివి సెప్పండి” అనెను. పిల్లవాడు మేనమామ గారి యూరు పోయియుండెను. కాగితమునందు రెండు మూడు వాక్యములే యున్నవి. వానిలో ముఖ్యమైనది యిది:

‘ది సర్టిఫికెట్, విచ్ షుడ్ హావ్ బీన్ సెంట్ ఇన్ విత్ ది అప్లికేషన్, మే బి హ్యాండెడ్ ఇన్ అప్ టు ది టెన్త్.’

నేను దానిని ఆమె యెదుట గట్టిగా, కొంత దర్పముతోనే చదివి, “అమ్మా, ధ్రువపత్రము దరఖాస్తుతో పంపబడినదట. కావలెనన్నచో పదవ తేదీవరకు మరల నీయవచ్చునట. మనము చేయవలసిన దేమియు లేదు” అని చెప్పితిని. ఆమె నమస్కరించి వెడలిపోయెను. పదవ తేదీ గడచినది. ఆ యేడు బాలునికి వేతనము రాలేదు. కారణ మేమని విచారింపగా ఆదాయపు ధ్రువపత్రము అందలేదని జవాబు వచ్చినది. అప్పుడు మా బడిలోని పెద్దయుపాధ్యాయు లొకరు ఆ పాతకాగితమును తెప్పించి చూచి, కొంతసేపు మాటాడక, “‘షుడ్ హావ్’ అన్నచోట మీరు నిలువలేదండీ” అని మాత్రమనిరి.

నేను చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. ‘విచ్ షుడ్ హావ్ బీన్ సెంట్ ఇన్’ అనగా ‘పంపబడిన’ అని కాదు, ‘పంపవలసియుండియు పంపబడని’ అని. ‘మే బి హ్యాండెడ్ ఇన్’ అనగా ‘ఇష్టమున్న నిచ్చుకొనుడు’ అని కాదు, ‘గడువు దాటినను దయతలచి పదవ తేదీవరకు స్వీకరింతుము’ అని. మొదటి సహాయక్రియలో జరుగని పనియు, రెండవదానిలో కడపటి యవకాశమును దాగియున్నవి. రెంటిని నేను దాటిపోతిని. ‘సర్టిఫికెట్’ అను పదము, ‘సెంట్’ అను పదము, ‘అప్లికేషన్’ అను పదము నాకు బాగుగా తెలిసినవే. తెలిసిన పెద్దపదములను పట్టుకొని, నడుమనున్న చిన్నపదములను విడిచితిని.

ఇట్టి పొరపాటు నా వంటి తెలుగువానికి కలుగుటకు భాషాస్వభావమునందు కారణము కలదు. తెలుగున సంబంధ సర్వనామముతో పని లేదు. ‘నిన్న వచ్చిన మనుష్యుడు’ అందుము. ‘వచ్చిన’ అను క్రియాజన్య విశేషణ మొక్కటే ఆంగ్లమున ‘హూ కేమ్’ అను రెండు పదములు చేయు పనిని చేయును. తమిళ కన్నడములయందును నిట్లే. తెలుగు మొదలగు దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వేరొక కుటుంబమునకు చెందినవనియు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర 1816లో కేంబెల్ రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికకు చేర్చిన వ్యాసమున నిరూపించెను. ఆ కుటుంబమువారి సొత్తు ఈ విశేషణము. సంస్కృతమున ‘యః, సః’ అను జంట గలదు. దాని ననుసరించియే మన పురాణముల భాషలో ‘ఎవ్వడు సత్యము పలుకునో వాడు’ అను పోకడ విరివిగా కనబడును. ఆంగ్లపు ‘హూ’కు ‘యః’ దగ్గరి చుట్టమువలె తోచును గాని, ఆంగ్లమున నామము ముందు వచ్చును, విశేషణోపవాక్యము వెనుక నడచును. మనకు విశేషణమే ముందు.

ఇప్పుడు నా కాగితములోని ఉపవాక్యమును మరల చెవిపెట్టి వినుడు. ‘విచ్ – షుడ్ – హావ్ – బీన్ – సెంట్ ఇన్.’ దీనికి సరియైన తెలుగు ‘పంపబడియుండవలసిన’ అని. ఈ తెలుగు పదమును ముక్కలు చేయుదము: ‘పంప’, ‘బడి’, ‘యుండ’, ‘వలసి’, ‘న’. ‘సెంట్ ఇన్’ అనుదానికి ‘పంప’. ‘బీన్’ అనుదానికి ‘బడి’. ‘హావ్’ అనుదానికి ‘యుండ’. ‘షుడ్’ అనుదానికి ‘వలసి’. ‘విచ్’ అనుదానికి కడపటి ‘న’ కారము. చూచితిరా! అయిదింటికి అయిదు. వారి మొదటిది మనకు కడపటిది, వారి కడపటిది మనకు మొదటిది. అద్దమున ప్రతిబింబమువలె తిరుగబడి నిలిచియున్నవి. ఈ సంగతి నాకు పది సంవత్సరములు పాఠము చెప్పిన పిదప నొకనాడు నల్లబల్లమీద వ్రాయుచుండగా స్ఫురించినది. అప్పటినుండి విద్యార్థులతో, “నాయనా, ఆంగ్లపు ఉపవాక్యమును చివరనుండి మొదటికి తెలుగు చేయుము” అని చెప్పుచుంటిని. వారికది ఆటగా నుండెడిది.

అయితే ఆ తెలుగు పదమునందును ఒక లోపము గలదు. ‘పంపబడియుండవలసిన పత్రము’ అన్నప్పుడు పంపబడినదా లేదా యని మన పదము తేల్చి చెప్పదు. ఆంగ్లమున ‘షుడ్ హావ్’ అనునది చాలవరకు పని జరుగలేదనియే సూచించును. ‘ఆట్ టు హావ్’ అనునదియు నంతే. ‘ది లెటర్ దట్ ఐ ఆట్ టు హావ్ రిటెన్’ అన్నచో ఉత్తరము వ్రాయబడలేదన్నమాట. కావున నిట్టిచోట్ల ‘వ్రాయవలసియుండియు వ్రాయని’ యని నిషేధమును స్పష్టముగా చేర్చి తెలుగు చేయవలెను.

ఈ సహాయక్రియల యర్థములు మన శాస్త్రమునకు కొత్తవి కావు. పాణిని లిఙ్ లకారమునకు విధి, నిమంత్రణము, ప్రార్థనము మొదలగు నర్థములను చెప్పెను. ఆంగ్లేయులు ‘మస్ట్, షుడ్, మే’ అను మాటలకు పంచిపెట్టిన యర్థములలో చాలభాగ మచ్చట నున్నది. అంతకంటె దగ్గరివి తవ్య, అనీయ మొదలగు కృత్యప్రత్యయములు. కర్తవ్యము, కరణీయము, కార్యము; ఈ మాటలన్నియు చేయదగినది, చేయవలసినది యని చెప్పును. ‘దట్ మస్ట్ బి డన్’ అని ఆంగ్లేయుడు నాలుగు మాటలు కూర్చుకొనవలసినచోట సంస్కృతుడు ఒక్క ప్రత్యయముతో తృప్తిపడెను. తెలుగువాడును సంపన్నుడే: చేయగల, చేయవలసిన, చేయదగిన, చేయరాని, చేయకూడని, చేయలేని, చేయనక్కరలేని.

కాని యీ సంపదలో రెండు బొక్కసములు ఖాళీగా నున్నవి. మొదటిది ‘వచ్చును’ అనునది. ‘ఈ పని చేయవచ్చును’ అందుము. దానిని విశేషణముగా మార్చి ‘చేయవచ్చిన పని’ యనరాదు. అట్లన్నచో ఎవరో చేయుటకై నడచి వచ్చిరని యర్థము మారును. కావున ‘విచ్ మే బి డన్’ అనుదానిని ‘చేయదగు’ అనియో, ‘చేయుట కనుమతి గల’ అనియో సందర్భము ననుసరించి చెప్పవలెను. రెండవది ఊహను తెలుపు ‘వలెను’. ‘అతడే గొడుగు తీసికొనియుండవలెను’ అనగా తీసికొని యుండునని మన యూహ. ఆంగ్లమున ‘ది మ్యాన్ హూ మస్ట్ హావ్ టేకెన్ ది అంబ్రెలా’ అన్నను ఆ యూహయే. కాని తెలుగున ‘గొడుగు తీసికొనియుండవలసిన మనుష్యుడు’ అనుడు! వెంటనే ఊహ మాయమై, తీసికొనుట అతని విధియైనట్లు, పాపము తీసికొనక తడిసినట్లు తోచును. ‘తీసికొని యుండునని తోచుచున్న’ అని సాగదీయక తప్పదు. ఈ రెండు బొక్కసముల సంగతి ఎరుగక అనువాదము చేయువారి పత్రికాభాషలో వింత వింత వాక్యములు పుట్టుచుండును. పేర్లు చెప్పను.

ఆంగ్లమునకు వేరొక లోపము కలదు. వారి ‘కెన్, మస్ట్, మే’ అను క్రియలకు విశేషణరూపమే లేదు. ‘ది మ్యాన్ హూ ఈజ్ సిటింగ్ దేర్’ అనుదానిని ‘ది మ్యాన్ సిటింగ్ దేర్’ అని కుదింపవచ్చును. ‘ది మ్యాన్ హూ కెన్ సింగ్’ అనుదాని నట్లు కుదించుటకు వీలులేదు. ‘కెన్’కు ‘ఇంగ్’ చేరదు; దాని ముందు ‘టు’ నిలువదు. కావున సహాయక్రియ కావలసినచో సంబంధ సర్వనామముతో కూడిన పూర్తి యుపవాక్యము కట్టవలసినదే. అందులోను, ఆ సర్వనామము కర్తయైనచోట దానిని విడువరాదు. ‘ది మ్యాన్ ఐ మస్ట్ మీట్’ అని ‘హూమ్’ను విడిచి చెప్పవచ్చును, అది కర్మ గనుక. ‘ది మ్యాన్ కెన్ హెల్ప్ యు ఈజ్ మై అంకుల్’ అని మన పిల్లలు వ్రాయునది తప్పు. అచ్చట ‘హూ’ కర్త. ఇక ‘ది మ్యాన్ హూ ఐ థింక్ కెన్ హెల్ప్ యు’ అనుచోట ‘హూమ్’ అని పెద్దవారును వ్రాయుచుందురు. నడుమ ‘ఐ థింక్’ అనుదానిని తీసి చూచిన తగవు తీరును.

లోపమున్నచోట భాష దారి వెదకికొనును. ‘టు’తో కూడిన క్రియ ఆంగ్లమున సహాయక్రియ లేకయే సహాయక్రియ యర్థమును మోయును. ‘ఎ బుక్ టు రీడ్’ అనగా చదువదగిన పుస్తకము. ‘వర్క్ టు బి డన్’ అనగా చేయవలసిన పని. ‘ది మ్యాన్ టు ఆస్క్’ అనగా అడుగవలసిన మనుష్యుడు. ఇది యించుమించు మన కృత్యప్రత్యయమే. కాని యిచ్చట మన బాలురు పడు గోతి యొకటి కలదు. ‘ఐ హావ్ నో హౌస్ టు లివ్’ అని వ్రాసి ఊరకుందురు. ‘టు లివ్ ఇన్’ అనవలెను. కూర్చుండుటకు కుర్చీ ‘ఎ చెయిర్ టు సిట్ ఆన్’, వ్రాయుటకు కలము ‘ఎ పెన్ టు రైట్ విత్’. తెలుగున ‘ఉండుటకు ఇల్లు’ అన్నప్పుడు ‘లో’ అను విభక్తి మింగబడును. ‘నేనుండు ఇల్లు’ అన్నప్పుడు కూడ నంతే. ‘నేను కోసిన కత్తి’ అన్నను, ‘నేను కోసిన పండు’ అన్నను రూపమొక్కటే. కత్తితో కోసితిమో, కత్తినే కోసితిమో లోకజ్ఞానము చెప్పవలెను. ఆంగ్లమున కట్టి లోకజ్ఞానముమీద భరోసా లేదు. ఎన్ని వందల దస్త్రములలో ఈ ‘ఇన్’, ‘ఆన్’, ‘విత్’లను ఎఱ్ఱసిరాతో చేర్చితినో!

‘వుడ్’ అనుదానిని గూర్చి ఒక్కమాట. దాని మూలమైన ‘విల్’ పూర్వము కోరుట యను నర్థము గలది. ఆ పాతయర్థము విశేషణోపవాక్యములలో నేటికిని మిగిలియున్నది. ‘హి హూ వుడ్ లెర్న్’ అనగా నేర్వగోరువాడు. సంస్కృతమున సన్నంతమునుండి పుట్టిన ‘జిజ్ఞాసువు’ వంటి మాట. ‘ది రెయిన్ దట్ వుడ్ నాట్ స్టాప్’ అనగా ఆగనని మొండికెత్తిన వాన. ఇట్లే ‘కెన్’ అనుదాని మూలార్థము ఎరుగుట. మన ‘జ్ఞా’ ధాతువునకును దానికిని చుట్టరికము కలదు. ఎరిగినవాడే చేయగలవాడని వారి పూర్వులు తలంచిరి కాబోలు. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒక్క మూలమునుండి పుట్టినవై యుండవలెనని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా నగరమున ప్రసంగించినప్పటినుండి ఇట్టి బంధుత్వములు వెదకుట పండితులకు వ్యసనమైనది. నాకును నైనది. విషయమునకు వత్తము.

జంటక్రియలకు ఆంగ్లమున ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు. ఆ పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథమున వాడి ప్రచారము చేసెను. నిఘంటుకర్తయగు హెన్రీ బ్రాడ్లీ తనకు సూచించెనని యతడే చెప్పికొనెను. పేరు కొత్తది గాని, వస్తువు మనకు పాతది. ‘హృ’ అను నొక్క ధాతువునకు ముందు ప్ర చేరిన కొట్టుట, ఆ చేరిన తినునది, వి చేరిన తిరుగుట, సం చేరిన నశింపజేయుట. ఉపసర్గ యొకటి వచ్చి ధాతువు నెచ్చటికో లాగికొనిపోవును. ఆంగ్లమున ‘పుట్’ అనుదానికి ‘ఆన్’ చేరిన ధరించుట, ‘ఆఫ్’ చేరిన వాయిదా వేయుట, ‘ఔట్’ చేరిన ఆర్పుట, ‘డౌన్’ చేరిన అణచుట, ‘అప్ విత్’ చేరిన ఓర్చుకొనుట. భేద మొక్కటే: మన యుపసర్గ ధాతువునకు ముందు, వారిది వెనుక. అదియు లౌకిక భాషలోని సంగతి. వేదమునందు ఉపసర్గ ధాతువునకు వెనుకను రావచ్చును, నడుమ నితరపదములు చేరి దూరముగను నుండవచ్చును అని పాణినియే విధించెను. కావున ఆంగ్లపు ‘పుట్ ది ల్యాంప్ ఔట్’ అనుదానిని చూచి వైదికుడు ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఆంగ్లమున ముందుచేరు నుపసర్గలును కలవు. ‘ఓవర్‌లుక్’ అనుదానికిని ‘లుక్ ఓవర్’ అనుదానికిని ఎంత భేదము! ‘ది మిస్టేక్ విచ్ హి ఓవర్‌లుక్డ్’ అనగా అతడు గమనింపక విడిచిన తప్పు. ‘ది పేపర్ విచ్ హి లుక్డ్ ఓవర్’ అనగా అతడు పరిశీలించిన కాగితము. ఒకే రెండు ముక్కలు స్థానము మారినంతనే, చూచినవాడు చూడనివాడగును.

జంటక్రియ విశేషణోపవాక్యములో ప్రవేశించినప్పుడేమగును? ప్రధానవాక్యమున ‘హి పుట్ ఔట్ ది ల్యాంప్’ అనియు ‘హి పుట్ ది ల్యాంప్ ఔట్’ అనియు రెండు విధముల చెప్పవచ్చును. సర్వనామమైనచో ‘పుట్ ఇట్ ఔట్’ అని నడుమనే నిలువవలెను. ‘పుట్ ఔట్ ఇట్’ అనరాదు. విశేషణోపవాక్యమున ఈ పోరు లేదు. దీపము ముందే చెప్పబడి, ‘విచ్’ అను రూపమున ఉపవాక్యపు మొగసాలకు పోయినది. నడుమ నిలుచుట కెవ్వరును మిగులలేదు. ‘ది ల్యాంప్ విచ్ హి పుట్ ఔట్’. క్రియయు దాని తోకయు అంటుకొని నిలుచును. మనవారు ఖాళీస్థలమును చూచి ఓర్వలేక ‘విచ్ హి పుట్ ఇట్ ఔట్’ అని మరల నొక ‘ఇట్’ను కూర్చుండబెట్టుదురు. ‘విచ్’ అనునదే ఆ దీపము. ఒక దీపమును రెండుసార్లు ఆర్పనేల?

ఇక ఆ తోకను ‘విచ్’కు ముందు చేర్పవచ్చునా యనునది పెద్దప్రశ్న. దీనికి నేను తరగతిలో చెప్పు నుదాహరణము రెండు ప్రాసపదములతో కూడినది: ‘హిల్’, ‘బిల్’. ‘ది హిల్ దట్ హి రాన్ అప్’ అనగా అతడు పరుగెత్తి యెక్కిన కొండ. ‘ది బిల్ దట్ హి రాన్ అప్’ అనగా అతడు పెంచుకొన్న బాకీ. వినుటకు రెండు నొక్కటే. మొదటిదానిలో ‘అప్’ అనునది కొండకు చెందిన ప్రిపొజిషను. కావున ‘ది హిల్ అప్ విచ్ హి రాన్’ అని ముందుకు తేవచ్చును. రెండవదానిలో ‘అప్’ క్రియకు చెందిన తోక. ‘ది బిల్ అప్ విచ్ హి రాన్’ అన్నచో అతడు బాకీకాగితముమీద పరుగెత్తినట్లగును. పలుకుబడిలోను భేదము కలదు. జంటక్రియలో తోకమీద ఊనిక పడును: ‘పుట్ ఔట్’ అనునప్పుడు ‘ఔట్’ను నొక్కి పలుకుదురు. ‘లుక్ ఎట్’ అనునప్పుడు ‘ఎట్’ను నొక్కరు. ‘ఎట్ విచ్ హి లుక్డ్’ అని ముందుకు తేవచ్చును.

ప్రిపొజిషనును వాక్యాంతమున విడుచుట తప్పని మా చిన్ననాటి పుస్తకములు కొన్ని బోధించెడివి. ఈ పట్టుదలకు మూలపురుషులలో నొకడు డ్రైడెన్ కవి. అతడు 1672లో బెన్ జాన్సన్ వాక్యములలో ఆ దోషము నెత్తిచూపెను. రాబర్ట్ లౌత్ 1762లో రచించిన వ్యాకరణమున, వాడుకలో అది సాధారణమే యనియు, గంభీరశైలికి ముందుంచుట తగుననియు మెత్తగా చెప్పెను. 1926లో ఫౌలర్ దీనిని మూఢవిశ్వాసములలో చేర్చెను. నా యభిప్రాయము ఫౌలర్ వైపు. ‘పుట్ అప్ విత్’ వంటి ముక్కాలిక్రియ తగిలినప్పుడు పాతనియమము నిలువనే నిలువదు. ‘ది ఇన్సల్ట్స్ విచ్ షి హాడ్ టు పుట్ అప్ విత్’ (ఆమె యోర్చుకొనవలసివచ్చిన యవమానములు) అనుదానిని తలక్రిందులు చేసి, ‘అప్ విత్’ను రెంటిని ‘విచ్’కు ముందు తెచ్చి నవ్వుల పాలుచేయు పరిహాసోక్తి యొకటి కలదు. దానిని చర్చిల్‌కు అంటగట్టుదురు గాని, అందుకు సాక్ష్యము లేదు.

సహాయక్రియ ఏ వాక్యమునందున్నదో చూచుట శాసనములు చదువువారికి మిక్కిలి యవసరము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో గాని, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయొక్క ఆంగ్లపాఠములో గాని, ‘హూఎవర్’ అని మొదలగు ఉపవాక్యమున నేరము వర్ణింపబడును. అందు సాధారణముగా విధిసూచకము లేదు. ‘షల్’ అను విధి ప్రధానవాక్యమునందు, శిక్షతో కూడియుండును. ఈ రెంటిని తారుమారు చేసిన నేమగునో చూడుడు. ‘పర్సన్స్ హూ మే అప్లై మస్ట్ ప్రొడ్యూస్ ది సర్టిఫికెట్’ అనగా దరఖాస్తు పెట్టుటకు అర్హులైనవారు పత్రము చూపి తీరవలెను. ‘పర్సన్స్ హూ మస్ట్ అప్లై మే ప్రొడ్యూస్ ది సర్టిఫికెట్’ అనగా దరఖాస్తు పెట్టక తప్పనివారు కావలెనన్న పత్రము చూపుకొనవచ్చును. పదములన్నియు నవియే.

మరల నా కాగితమునకు వత్తము. అందలి ‘సెంట్ ఇన్’, ‘హ్యాండెడ్ ఇన్’ అను జంటలలోని ‘ఇన్’ లోపల అను నర్థము మాత్రమే కలది కాదు. అధికారులకు దాఖలు చేయుట యని చెప్పును. ‘గివ్ ఇన్’ అన్నచో అదే ‘ఇన్’ లొంగిపోవుటను చెప్పును. ‘విచ్’కు ముందు విరామచిహ్న మున్నది; దానివలన ధ్రువపత్ర మొక్కటియే యనియు, ఉపవాక్యము దానినిగూర్చి యొక సంగతి యదనముగా చెప్పుచున్నదనియు తెలియును. ఆ యదనపు సంగతియే ఆ తల్లికి కావలసిన సంగతి: మీ పత్రము మాకు చేరలేదు.

ఆమె ఆ యేడు గేదెలలో నొకదాని నమ్మి పిల్లవాని రుసుము కట్టెను. నేను కొంత యియ్యబోగా పుచ్చుకొనలేదు. “తమరికి తెలియక సెప్పారు గాని, కావాలని సెప్పారా అయ్యవారూ” అనెను. పిల్లవాడు చదువుకొని స్థిరపడెను. ఇప్పటికిని సంక్రాంతికి వచ్చి చూచిపోవును.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. వినుచున్న విద్యార్థులకొరకు వాక్యమొకటి వదలి సెలవు గైకొందును. రెండు సహాయక్రియలు, రెండు జంటక్రియలు ఇందున్నవి. చివరనుండి మొదటికి తెలుగు చేసి చూడుడు: ‘ది హౌస్ విచ్ ది ఓల్డ్ మ్యాన్ కుడ్ నాట్ గివ్ అప్ మే హావ్ టు బి పుల్డ్ డౌన్.’